నల్గొండలో చంద్రుడు ఏ రోజు ఎన్నింటికి వస్తాడు: నెలంతా మీరే లెక్క వేసుకునే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది నల్గొండ. అమ్మ ప్రతి నెలా సంకటహర చతుర్థికి, అంటే పున్నమి తర్వాతి చవితికి, ఉపవాసం ఉండి చంద్రోదయం అయ్యాకే విడుస్తుంది. చంద్రోదయం ఫోన్‌లో ఒక టైం, గోడ క్యాలెండర్‌లో ఇంకో టైం. చంద్రుడు రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడంటారు కానీ ఆ లెక్క కుదరడం లేదు. ఒక తేదీకి అసలు చంద్రోదయమే లేదని యాప్ చూపించింది. ఇది తప్పా? నెలంతా నేనే చూసుకునే పద్ధతి ఏమైనా ఉందా?"

ఉంది. యాప్ చూపించింది కూడా తప్పు కాదు, దాని సంగతి కింద చెప్తాను. ముందు పద్ధతి చెప్తాను:

శుక్లపక్షంలో చంద్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో చూడండి. బహుళపక్షంలో ఎప్పుడు ఉదయిస్తాడో చూడండి. రెండింటినీ ఆ రోజు సూర్యాస్తమయం నుంచే లెక్కపెట్టండి. గడిచిన ఒక్కో తిథికి 48 నిమిషాలు కలపండి.

48 ఎలా వచ్చిందంటే, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 12ని 4తో గుణిస్తే 48. మన పాత కొలతలో ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి, తిథికి సరిగ్గా రెండు ఘడియలు. గడియారం లేని రోజుల్లో కూడా తిథి తెలిసిన మనిషికి వెన్నెల ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పడానికి ఇది చాలు.

ఉదాహరణకు నవంబర్ నెల తీసుకోండి. నల్గొండలో ఆ రోజుల్లో పొద్దు 5:40 ప్రాంతంలో కుంకుతుంది. పున్నమి తర్వాత మూడు తిథులు గడిచి చవితి నడుస్తోంది అనుకుంటే, మూడు నలభై ఎనిమిదులు 144 నిమిషాలు, అంటే 2 గంటల 24 నిమిషాలు. చంద్రోదయం 8 దాటాక అన్నమాట. చవితి సగం అయిపోయి ఉంటే ఇంకో పాతిక నిమిషాలు. అదే జూన్ చివర, జూలై మొదట్లో అయితే పొద్దు కుంకేదే 6:50 ప్రాంతంలో. అప్పుడు చవితి చంద్రుడి కోసం అమ్మ పది దాకా ఎదురుచూడాల్సి వస్తుంది. "పోయిన అక్టోబర్‌లో ఎనిమిదింటికే వచ్చాడు కదా, ఈ నెల ఎందుకింత లేటు" అని చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. చవితి చంద్రుడికి ఏడాదంతా ఒకే టైం ఉండదు.

ఉమ్మడి నల్గొండ జిల్లా బడుల్లో చాలా ఏళ్లు సైన్స్ చెప్పాను. పిల్లల చేత చంద్రుడి నోట్‌బుక్ రాయించడం ప్రతి ఏడాదీ చేయించిన పని. అందులో నాలుగు రోజులు వాళ్లకు నోటికి వచ్చేలా చేసేవాణ్ని. మీరు కూడా ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి.

అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తాడు. అందుకే కనిపించడు. శుక్ల అష్టమికి మిట్టమధ్యాహ్నం ఉదయించి, పొద్దుకుంకే వేళకు నడినెత్తి దగ్గర ఉండి, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పున్నమికి పొద్దుకుంకేటప్పుడు తూర్పున లేచి, తెల్లారేటప్పుడు పడమట దిగుతాడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి ఉదయిస్తాడు. తెల్లారేసరికి నడినెత్తి మీద ఉంటాడు, మధ్యాహ్నానికి దిగిపోతాడు. శ్రావణ బహుళ అష్టమి, అంటే కృష్ణాష్టమి నాడు అర్ధరాత్రి దాకా మేలుకుంటే చంద్రుడు కూడా దాదాపు అప్పుడే వస్తాడు. ఆ తిథికి ఆ వేళ సహజంగా కుదిరినదే.

ఇది తెలిస్తే ఇంకో అనుమానం కూడా తీరుతుంది. చంద్రుడు పగలు కూడా కనిపిస్తాడు. చాలామంది పిల్లలకు, పెద్దలకు కూడా ఇది నమ్మశక్యంగా ఉండదు. శుక్లపక్షంలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు తూర్పు వైపు చూడండి. బహుళపక్షంలో ఉదయం ఏడెనిమిదింటికి పడమటి వైపు చూడండి. బడికి వచ్చే దారిలో చంద్రుణ్ని చూశామని పిల్లలు పరిగెత్తుకొచ్చి చెప్తే, ఇవాళ తిథి ఏమిటో వాళ్లనే చెప్పమనేవాణ్ని. వారం తిరిగేసరికి చంద్రుడి ఆకారం చూసి తిథి చెప్పేవాళ్లు.

మన బతుకమ్మే మంచి పాఠం

శుక్లపక్షం ఎలా నడుస్తుందో తెలియాలంటే బతుకమ్మ తొమ్మిది రోజులు చూస్తే చాలు. ఎంగిలిపూల బతుకమ్మ పెత్తర అమాస నాడు. ఆ సాయంత్రం ఆకాశంలో చంద్రుడు ఉండడు. మరునాడు పాడ్యమి, అటుకుల బతుకమ్మ. అప్పుడూ కనిపించడం కష్టమే. ముద్దపప్పు బతుకమ్మ విదియ నాడు, పొద్దుకుంకిన తర్వాత పడమటి దిక్కున బాగా కిందుగా సన్నని నెలవంక ఉంటుంది. ఎదురుగా చెట్లో ఇళ్లో ఉంటే తెలియను కూడా తెలియదు, కాసేపటికే దిగిపోతుంది. నానబియ్యం నాటికి అందరికీ కనిపిస్తుంది. అట్ల బతుకమ్మ, అలిగిన బతుకమ్మ రోజుల్లో ఆట అయిపోయేదాకా తోడుంటుంది. సద్దుల బతుకమ్మ అష్టమి నాడు. ఆడవాళ్లు బతుకమ్మలు దింపి ఆట మొదలుపెట్టే వేళకు సగం చంద్రుడు దక్షిణాన బాగా ఎత్తులో ఉంటాడు. చెరువులో సాగనంపి ఇంటికి వచ్చే వేళకు పడమటికి ఒరుగుతాడు. పదకొండున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు.

ఈ తొమ్మిది రోజులూ సాయంత్రం ఒకే టైంకి, మీరు ఆడే చోటు నుంచే చంద్రుడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోండి. రోజుకు చేతి వెడల్పు కంటే కాస్త ఎక్కువగా తూర్పుకు జరుగుతూ పోతాడు. ఆ జరగడమే తిథి.

50 నిమిషాల లెక్క ఎందుకు కుదరదు

50 నిమిషాలు అనేది సగటు మాత్రమే. మన అక్షాంశం దగ్గర, అంటే 17 డిగ్రీల ప్రాంతంలో, రోజువారీ ఆలస్యం ఒక్కోసారి 40 నిమిషాల దగ్గర ఉంటుంది, ఒక్కోసారి గంటకు దగ్గర పడుతుంది. దీనికి రెండు కారణాలు.

మొదటిది చంద్రుడి వేగం. ఆయన దారి సరిగ్గా గుండ్రం కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా, దూరం పోయినప్పుడు మెల్లగా నడుస్తాడు. రోజుకు సుమారు 12 నుంచి 15 డిగ్రీల మధ్య. తిథి కూడా అందుకే ఒక్కోటి సుమారు 20 గంటలే ఉంటే, ఇంకోటి 26 గంటలు దాటుతుంది.

రెండోది ఆ దారి మన తూర్పు దిక్కుతో చేసే వాలు. ఆశ్వయుజ పున్నమి తర్వాత రోజుల్లో చంద్రుడు తూర్పుకు జరుగుతూనే ఉత్తరానికి కూడా జరుగుతాడు. ఉత్తరానికి జరిగితే మనకు తొందరగా ఉదయిస్తాడు కాబట్టి ఆలస్యం తగ్గిపోతుంది, 40 నిమిషాల ప్రాంతంలోకి వస్తుంది. జ్యేష్ఠం, మార్గశిరం పున్నముల తర్వాత అలాంటి సాయం ఉండదు, ఆలస్యం 55 దాకా పోతుంది. మూడు నాలుగు రోజులు కలిపితే ఈ తేడా దాదాపు గంట. అందుకే నేను చెప్పిన 48 నిమిషాల లెక్క మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల్లోపు తేడాతో వస్తుంది, కొన్ని నెలల్లో అరగంట దాకా పోవచ్చు. డాబా ఎక్కడానికి ఆ లెక్క చాలు. నిమిషం కావాలంటే మన ఊరికి గణించిన పంచాంగమే చూడాలి.

"చంద్రోదయం లేదు" అనే తేదీ

ఒక చంద్రోదయం నుంచి మరో చంద్రోదయానికి సగటున 24 గంటల 50 నిమిషాలు. క్యాలెండర్ తేదీకి ఉన్నవి 24 గంటలే. 10వ తేదీ రాత్రి 11:40కి ఉదయించాడు అనుకోండి. తర్వాతి చంద్రోదయం ఆ టైంకి 50 నిమిషాలు కలిపి, 11వ తేదీ రాత్రి 12:30కి. అర్ధరాత్రి దాటింది కాబట్టి అది 12వ తేదీ. 11వ తేదీకి చంద్రోదయం లేకుండా పోయింది. చంద్రుడు మానలేదు, మన తేదీ మారే వేళ ఆయన రాకకు ముందు పడింది, అంతే. ఇది నెలకు ఒకసారి బహుళ సప్తమి, అష్టమి ప్రాంతంలో జరుగుతుంది. అదే విధంగా శుక్ల అష్టమి ప్రాంతంలో ఒక తేదీకి చంద్రాస్తమయం ఉండదు.

ఇక్కడే ఇంకో చిక్కు. తెలుగు పంచాంగాల్లో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అర్ధరాత్రి దాటిన టైంని కూడా ముందు రోజు గడిలోనే "రా." (రాత్రి) అనో "తె." (తెల్లవారుజాము) అనో రాస్తారు. 10వ తేదీ గడిలో "రా. 1.10" అని ఉంటే ఇంగ్లీషు లెక్కలో అది 11వ తేదీ ఒంటిగంట పది. కొన్ని యాప్‌లు దాన్నే 25:10 అని చూపిస్తాయి. ఫోన్‌కీ క్యాలెండర్‌కీ ఒక రోజు తేడా కనిపించినప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

రెండు చోట్ల రెండు టైంలు ఎందుకు

అన్నిటికంటే పెద్ద కారణం ఊరు. చాలా యాప్‌లు వాటంతట అవే ఢిల్లీనో హైదరాబాద్‌నో పట్టుకుంటాయి. హైదరాబాద్ టైం అయితే పర్వాలేదు. నల్గొండ హైదరాబాద్‌కు తూర్పున ఉంది కాబట్టి మనకు మూడు నిమిషాల ముందు చంద్రోదయం. మహబూబ్‌నగర్ పడమటకు ఉంది కాబట్టి వాళ్లకు రెండు నిమిషాల తర్వాత. నల్గొండకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య ఐదు నిమిషాలు. కానీ ఢిల్లీ సంగతి వేరు. అది ఉత్తరానికి 11 డిగ్రీలకు పైగా ఉంది. చంద్రుడు దక్షిణపు దారిలో ఉన్న నెలల్లో అక్కడ బాగా ఆలస్యంగా, ఉత్తరపు దారిలో ఉన్న నెలల్లో బాగా ముందుగా ఉదయిస్తాడు. తేడా ఒక్కోసారి అరగంట దాటుతుంది. మిర్యాలగూడలో మాకు తెలిసిన ఒకావిడ టీవీలో ఉత్తరాది పండితులు చెప్పిన టైంకే ఎన్నో నెలలు ఉపవాసం విడిచేవారు. చంద్రుడు కనిపించక, మబ్బు పట్టిందేమో అనుకునేవారట. యాప్ సెట్టింగ్స్‌లో ఊరు నల్గొండ అని మార్చారో లేదో ముందు చూసుకోండి.

రెండో కారణం గణితం. ఇప్పటి ఖగోళ లెక్కలతో కట్టే దృక్ పంచాంగం, పాత సిద్ధాంత గ్రంథాల లెక్కతో కట్టే పూర్వ పంచాంగం అని రెండు పద్ధతులు ఉన్నాయి. తిథి ముగిసే టైంలో వాటి మధ్య ఒక్కోసారి గంటల తేడా వస్తుంది. మీ ఇంట్లో ఏది పాటిస్తారో పెద్దవాళ్లనో మీ పురోహితుణ్నో అడిగి దాని మీదే ఉండండి. ఒక నెల ఇది, ఒక నెల అది పెట్టుకోవద్దు.

ఇంకొక చిన్న తేడా ఏమిటంటే, చంద్రబింబం పై అంచు కనిపించడాన్ని ఉదయం అంటారా, మధ్యభాగం వచ్చినప్పుడా, గాలి పొర వల్ల కాంతి వంగడాన్ని కలుపుతారా లేదా అన్నది. దీని వల్ల మూడు నాలుగు నిమిషాలు అటూఇటూ. దీని గురించి బెంగ అక్కర్లేదు.

తిథి సూర్యోదయానికి కాదు, చంద్రోదయానికి చూడాలి

ఇది అమ్మగారికి తప్పకుండా చెప్పండి. మామూలుగా ఆ రోజు తిథి ఏదంటే సూర్యోదయానికి ఉన్నదే అంటాం. సంకటహర చతుర్థికి మాత్రం చంద్రోదయ వేళకు చవితి ఉండాలి. అందుకే క్యాలెండర్‌లో ఆ తేదీకి తదియ అని ఉండి, పక్కనే సంకటహర చతుర్థి అని రాసి ఉండటం చూస్తుంటారు. అచ్చు తప్పు కాదు అది. తదియ మధ్యాహ్నమో సాయంత్రమో అయిపోయి, చంద్రుడు వచ్చే వేళకు చవితి నడుస్తుంటుంది.

టైం వచ్చినా చంద్రుడు కనిపించకపోతే

పంచాంగంలో రాసే చంద్రోదయం ఏ అడ్డూ లేని నేల మీద లెక్క. మన నల్గొండ పట్నానికి లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్నాయి. అవి మీ ఇంటికి ఏ దిక్కున ఉన్నాయన్నదాన్ని బట్టి మీ చంద్రోదయం మారుతుంది. తూర్పున అడ్డం ఎంత ఎత్తు ఉందో చూడండి. చేయి ముందుకు చాచి పిడికిలి పెడితే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు ఒక డిగ్రీ పైకి రావడానికి మన దగ్గర 4 నిమిషాలకు పైగా పడుతుంది. అంటే సగం పిడికిలి ఎత్తు గుట్ట అడ్డం ఉంటే ఇరవై నిమిషాలకు పైగా ఆలస్యం. నిండు పిడికిలి ఎత్తు అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉంటే ముప్పావుగంట.

నల్లమలలో సలేశ్వరం జాతరకు పోయినవాళ్లకు ఇది బాగా తెలుసు. చైత్ర పున్నమి చుట్టూ జరిగే జాతర అది. పున్నమి అయినా లోయలోకి దిగాక చంద్రుడు చాలాసేపటి దాకా కనిపించడు, కొండ అంచు దాటి పైకి రావాలి కదా. పున్నమి దాటిన రెండు మూడు రోజులకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పొద్దుకుంకాక రెండు గంటల పాటు వెన్నెల ఉండదు, లోయలో అయితే ఇంకా ఎక్కువసేపు ఉండదు. చేతిలో టార్చి లేకుండా నడవొద్దు.

మా ప్రాంతపు రైతులు రాత్రి కరెంటు రోజుల్లో ఇదే లెక్క మీద బతికారు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు మోటారు పెట్టడానికి ఏ రాత్రి వేళో బావి దగ్గరికి పోవాలి. శుక్లపక్షంలో ముందు రాత్రి వెన్నెల, తెల్లవారుజాము చీకటి. బహుళపక్షంలో ముందు రాత్రి చీకటి, తెల్లవారుజాము వెన్నెల. పాము భయం ఉన్న గట్ల మీద నడిచే మనిషికి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. చదువు రాని వాళ్లు కూడా తిథి అడిగి తెలుసుకునేది అందుకే.

చంద్రుడు ఎటు నుంచి వస్తాడు

తూర్పు అంటే ఎప్పుడూ ఒకే చోటు కాదు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కులో ఉంటాడు కాబట్టి, ఎండాకాలపు సూర్యుడి దారిలో చలికాలపు చంద్రుడు, చలికాలపు సూర్యుడి దారిలో ఎండాకాలపు చంద్రుడు నడుస్తారు. మార్గశిర పున్నమికి ఈశాన్యం వైపు చూడండి. ఆ రాత్రి చంద్రుడు దాదాపు నడినెత్తి మీదుగా పోతాడు, 13 గంటలకు పైగా ఆకాశంలో ఉంటాడు. జ్యేష్ఠ పున్నమికి ఆగ్నేయం వైపు చూడండి. దక్షిణాన కిందుగా నడిచి తొందరగా దిగిపోతాడు. ఒకే డాబా మీద నిలబడి, "మొన్న ఈ చెట్టు పక్కన కదా వచ్చాడు" అని వెతికేవాళ్లకు ఇదే జవాబు.

దీనికి తోడు చంద్రుడి దారి 18.6 ఏళ్లకు ఒకసారి వెడల్పు అయి, మళ్లీ ఇరుకు అవుతుంది. 2024, 2025 ప్రాంతంలో బాగా వెడల్పుగా ఉంది, ఉత్తరానికి 28 డిగ్రీలు దాటి పోయింది. మనం ఉన్నది 17 డిగ్రీల దగ్గర. అంటే మార్గశిర పున్నమి నడిరాత్రి చంద్రుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉన్నాడు, మన నీడ దక్షిణానికి పడింది. వచ్చే ఏళ్లలో ఈ వెడల్పు మెల్లగా తగ్గుతుంది. 2034 ప్రాంతంలో 18 డిగ్రీల చిల్లరకు వస్తుంది. అప్పుడు మార్గశిర చంద్రుడు సరిగ్గా మన నెత్తి దగ్గరే ఉంటాడు. పిల్లలు ఉన్న ఇళ్లలో ఏటా ఒకసారి ఈ నీడ చూపించి రాయించండి, నా కోరిక ఇది.

గ్రహణం టైం మాత్రం ఊరిని బట్టి మారదు

చంద్రగ్రహణం అంటే భూమి నీడ చంద్రుడి మీద పడటం. అది పట్టే, విడిచే టైం దేశమంతా ఒకటే. మనకు కనిపిస్తుందా లేదా అన్నది మాత్రం చంద్రోదయాన్ని బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 7 భాద్రపద పున్నమి గ్రహణం రాత్రి పదింటి ప్రాంతంలో పట్టి ఒంటిగంట దాటాక విడిచింది. అప్పటికి చంద్రుడు బాగా ఎత్తులో ఉన్నాడు కాబట్టి అన్ని ఊళ్లకూ మొత్తం కనిపించే గ్రహణమే. 2026 మార్చి 3 ఫాల్గుణ పున్నమి గ్రహణం అలా కాదు. సంపూర్ణ గ్రహణం ముగింపు సాయంత్రం 5:33కే, అంటే మనకు చంద్రోదయం కాకముందే. పాక్షికంగా విడిచేది 6:47కి. నల్గొండలో చంద్రోదయం 6:20 ప్రాంతంలో కాబట్టి చంద్రుడు గ్రహణంతోనే ఉదయించడం, మనకు అది కనిపించేది పాతిక నిమిషాలు మాత్రమే. మహబూబ్‌నగర్‌లో అందులోనూ ఐదు నిమిషాలు తక్కువ. పంచాంగాల్లో గ్రస్తోదయం అనేది దీన్నే.

ఇక వానాకాలం. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం నెలల్లో మబ్బు వల్ల చంద్రుడు కనిపించకపోవడం మామూలే. అలాంటప్పుడు మన ఊరి చంద్రోదయం టైం దాటాక తూర్పు దిక్కుకు అర్ఘ్యం ఇచ్చి ఉపవాసం విడవడం మా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. షుగరు, బీపీ మందులు వేసుకునే పెద్దవాళ్లు జూన్, జూలై నెలల్లో పది దాకా ఖాళీ కడుపుతో ఉండొద్దు. పాలో పండ్లో తీసుకోవచ్చేమో ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

మీ డాబా మీద నుంచి తూర్పున ఏముంది, గుట్టా, చెట్లా, బిల్డింగా, సుమారు ఎన్ని పిడికిళ్ల ఎత్తు ఉంది అన్నది కింద రాయండి. వచ్చే చవితికి అమ్మగారికి ఎన్నింటికి కనిపిస్తాడో లెక్క కట్టి చెప్తాను. కనిపించిన టైం మీరు రాసి పెడితే రెండూ పోల్చి చూద్దాం.